అనకాపల్లిలో గులె లాలా

ఉర్దూ కవిత్వంతో కొద్దిపాటి పరిచయమున్న వారికెవరికైనా ‘లాలా’ అనే పువ్వు పేరు కొత్త కాదు. గులాబీ తరువాత ఆ భాషాకవులు విశేషంగా స్మరించిన పువ్వు బహుశా అదే. దోసిలివలె పైకి తెరచుకొన్న ఎర్రని పువ్వు. ఆ దోసిలి అడుగున నల్లని మచ్చ. ఆ మచ్చకు ‘దాగ్’ అని పేరు. ప్రేమికుని గుండెలోని గాయాన్ని ఆ మచ్చతో పోల్చని కవి అరుదు. అల్లామా ఇక్బాల్ 1923లో వెలువరించిన పారసీక కావ్యం ‘పయామె మష్రిఖ్’లో రుబాయీల భాగానికి ‘లాలయె తూర్’ అని పేరు పెట్టారు. 1935 నాటి ‘బాలె జిబ్రీల్’లో ‘లాలయె సహ్రా’ అని ఒక కవితే ఉన్నది. ఇంత ప్రసిద్ధి గల పువ్వును మన కళాశాలలో కన్నులారా చూచిన వారెందరని లెక్క తీస్తే, వేళ్ళు మడవవలసిన అవసరం కలుగదు. ఈ పువ్వునే ఇంగ్లీషువారు తులిప్ అంటారు.

మేము తెలుగు పాఠం చెప్పేవారము. అయినను మన కళాశాలలో రెండు భాషలు ఒకే వరండాలో నడుస్తాయి గనుక ఉర్దూ పద్యం ఒకటి తెలుగు తరగతిలోకి, తెలుగు పద్యం ఒకటి ఉర్దూ తరగతిలోకి తరచుగా వచ్చిపోతూ ఉంటాయి. అట్లా వచ్చిన పద్యాలలో లాలా కనిపించినపుడల్లా ఒక చిక్కు వస్తుంది. తెలుగు చెవికి లాలా అంటే జోలపాట. పట్టణవాసి చెవికి లాలా అంటే మిఠాయి దుకాణం సేటు. పువ్వు అని చెప్పగానే “ఏ పువ్వు, మాస్టారూ?” అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మందారమని చెబుదామా అంటే మందారానికి ఆ గిన్నె లేదు. మోదుగ అందామా అంటే రంగు కుదురుతుంది గాని మోదుగ చెట్టంతా మండుతుంది; లాలా ఒక కాడకు ఒక్కటే. పైగా నిఘంటువులు కూడా ఒకే మాటమీద నిలబడవు. పారసీకంలో లాలా అనే పేరు తులిప్‌కే కాక కొండవాలులలో పూచే ఎర్రని అడవి పువ్వులు మరికొన్నింటికి కూడా చెల్లుతూ వచ్చింది. గసగసాల పువ్వు అని అర్థం వ్రాసినవారూ ఉన్నారు.

చూడని పువ్వును గురించి వ్రాయకూడదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. తెలుగువారు కుంకుమపువ్వును వందల ఏండ్లుగా ఎరుగుదురు. కావ్యాలలో నాయికలు దానిని పూసుకున్నారు, మన ఇండ్లలో బిర్యానీమీద చల్లుకుంటున్నాము. పేరులోనే పువ్వు అని ఉన్నది. అయినా మనం చూచినది పువ్వు కాదు, అందులోని కీలాగ్రాలు మాత్రమే. ఆ పువ్వు ఊదా రంగులో ఉంటుందని, కాశ్మీరులోని పాంపూరు మెట్టలమీద అక్టోబరు చివర కొద్ది వారాలు మాత్రమే పూస్తుందని తెలిసినవారు మనలో ఎందరు? తెలియకపోయినా మాట చెడిపోలేదు, రుచీ చెడిపోలేదు. లాలా సంగతీ అంతేనని సరిపెట్టుకోవచ్చు. మేమును చాలాకాలం అట్లే సరిపెట్టుకున్నాము. అట్లా సరిపెట్టుకోవడానికి వీలులేని పరిస్థితి మా ఇంటిలోనే వచ్చింది. దానికి ముందు ఈ పువ్వు పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పవలసి ఉన్నది.

తులిప్ హాలెండు దేశపు పువ్వని లోకంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అది నిజం కాదు. ఆ పువ్వు పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. బాబరు తన ఆత్మకథలో కాబూలు పరిసరాల లాలా పువ్వులను గురించి ఎంతో ముచ్చటగా వ్రాశాడు. ఎన్ని రకాలున్నవో లెక్కించండని మనుషులను పంపితే ముప్పది రెండో ముప్పది మూడో తేలాయట. అందులో ఒక రకానికి గులాబీ వాసన ఉండేదట. రాజ్యాలను గెలుచుకొనే తొందరలో ఉన్న మనిషి ఆగి పూలరకాలు లెక్కపెట్టించడం మాకు ఆ గ్రంథంలోని యుద్ధాలన్నింటికంటె ఎక్కువగా జ్ఞాపకమున్నది. ఇక తుర్కీలో ఈ పువ్వు పేరు ‘లాలె’. అరబ్బీ లిపిలో ఆ మాట వ్రాయడానికి కావలసిన అక్షరాలు అల్లాహ్ అనే నామంలోని అక్షరాలే కావడం చేత అక్కడివారు ఆ పువ్వును భక్తితో చూచి మసీదుల పింగాణీ పలకలమీద చిత్రించుకున్నారు. 1718 నుండి 1730 వరకు గల ఉస్మానియా పాలనాకాలానికి చరిత్రకారులు తులిప్ యుగమనే పేరు పెట్టారు. తులిప్ అన్న మాటకు మూలం తలపాగా అనే అర్థంగల ‘దుల్‌బంద్’ అని భాషావేత్తలు చెబుతారు. పువ్వు ఆకారం తలపాగావలె ఉన్నదని దుబాసీ ఎవరో పోలిక చెబితే, విన్న తెల్లవారు దానినే పువ్వు పేరనుకున్నారట. నిజమే అయితే, పోలికే పేరైపోయిన ఉపమాలంకారానికి ఇంతకు మించిన ఉదాహరణ మాకు తెలియదు.

హాలెండుకు ఈ పువ్వు చేరినది 16వ శతాబ్ది చివర. లైడెన్ విశ్వవిద్యాలయపు తోటలో క్లూసియస్ అనే పండితుడు 1593లో నాటిన దుంపలు మరుసటి వసంతంలో పూచాయి. అటుపై నలభై మూడేండ్లకు ఆ దేశం ఆ దుంపల మత్తులో పడినది. 1636–37 శీతాకాలంలో, నేలలో పాతి ఉన్న దుంపలను ఎవరూ కంటితో చూడకుండానే కాగితాలమీద ఒకరికొకరు అమ్ముకున్నారు. ఆ బేరాలకు వారి భాషలోనే ‘గాలి వర్తకం’ అని పేరు. 1637 ఫిబ్రవరిలో హార్లెం పట్టణపు వేలంలో కొనేవారు లేకపోవడంతో గాలి దిగిపోయింది. చారలు చారలుగా ఉన్న పువ్వులకు అప్పుడు అందరికంటె ఎక్కువ వెల పలికింది. ఆ చారలకు కారణం పేనుబంక మోసుకొని తిరిగే ఒక వైరస్ తెగులని 20వ శతాబ్దిలో గాని తేలలేదు. జబ్బుపడిన పువ్వులకే ఎక్కువ ధర పెట్టారన్నమాట. ఈ డచ్చివారినే మన పెద్దలు వలందులు అన్నారు. ఆ శతాబ్దిలోనే వారు మన భీమునిపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకున్నారు. వారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. బట్టలు కొన్నారు, బంట్రోతులను పెట్టుకున్నారు గాని మన తీరంలో తులిప్ మాత్రం పూయలేదు.

పూయకపోవడానికి కారణం నేల కాదు, నీరు కాదు, చలి. ఈ మొక్క దుంప ఉల్లిపాయవలె పొరలు పొరలుగా ఉంటుంది. దుంపలలో ఈ జాతికి మన వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాలలో లశునమని పేరు. శరదృతువులో దానిని జానెడు లోతున పాతుతారు. పండ్రెండు నుండి పదునాలుగు వారాలు అది అయిదారు డిగ్రీల నుండి తొమ్మిది డిగ్రీల లోపు చలిలో ఎడతెగకుండా ఉండాలి. ఆ చలిలోనే దుంపలోని పిండి కొంత చక్కెరగా మారి, కాడ పొడుగు సాగడానికి సిద్ధపడుతుంది. ఆ తరువాత నేల వెచ్చబడితే లేస్తుంది. చలి చాలకపోతే ఆకులు వస్తాయి గాని పువ్వు రాదు, వచ్చినా కాడ లేక ఆకుల మధ్యనే మాడిపోతుంది. శ్రీనగరులో జబర్వన్ కొండల పాదాన, దాల్ సరస్సుకు ఎదురుగా 2007లో తెరచిన ఇందిరాగాంధీ స్మారక తులిప్ ఉద్యానంలో అక్టోబరు, నవంబరు మాసాలలో నాటిన దుంపలు మార్చి చివర నుండి ఏప్రిల్ వరకు పూస్తాయి. ఒక్కొక్క రకం ఆయుష్షు మూడు నాలుగు వారాలే. అందువల్ల ముందు పూచేవి, నడుమ పూచేవి, ఆలస్యంగా పూచేవి కలిపి నాటి, సందర్శకులకు ఒక నెలరోజుల తోటను నిలబెడతారు. అంతకు పూర్వం కూడా కాశ్మీరులో ఈ పువ్వు ఉన్నది. పాతకాలపు మట్టికప్పుల ఇండ్లమీద, మసీదుల మీద అడవి తులిప్‌లను పెంచుకొనే ఆచారం వారిది. ఢిల్లీలో ముందే చలిలో ఉంచిన దుంపలను డిసెంబరులో నాటి ఫిబ్రవరిలో పూయిస్తున్నారు.

మన జిల్లాకు దాపున చలి లేదా అని విద్యార్థులు అడగవచ్చు. ఉన్నది. నర్సీపట్నం దాటి ఘాటు ఎక్కితే లంబసింగిలో కొన్ని శీతాకాలపు తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. స్ట్రాబెరీలు అందుకే అక్కడ పండుతున్నాయి. కాని అది తెల్లవారుజాము చలి, పొద్దెక్కితే విడిచిపోతుంది. ఈ దుంప రాత్రీ పగలూ చలిని అడుగుతుంది. అనకాపల్లిలోనైతే చలిమంట వేసుకొనే రోజులే పట్టుమని పదిహేను ఉండవు.

మన నేలలో దుంపలు లేవని కాదు. నేలసంపెంగ దుంపే, పూలబజారులో దానిని లిల్లీ అంటారు, మా ఇండ్లలో గులె షబ్బో అంటారు. అదీ మెక్సికో నుండి వచ్చినదే, అయినా మన ఎండలో కాపురం పెట్టి పెళ్ళిదండలన్నింటిలోనూ చేరిపోయింది. తొలకరి పడిన నాలుగైదు రోజులకు పేరంటానికి పిలిచినట్లు ఒక్కసారిగా లేచే వాన లిల్లీ దుంపే. మే నెల ఎండలో, ఆకు లేని నేలనుండి ఎర్రని బంతివలె బయటపడే మే పువ్వు కూడా దుంపే. వీటికి కావలసిన సంకేతం ఎండ, ఆపై వాన. తులిప్‌కు కావలసినది చలి, ఆపై ఎండ. ఒక్కొక్క దుంపకు ఒక్కొక్క పిలుపు. ఆ మాటకు వస్తే మన చెరకు కూడా పగటి పొడుగును చూచుకొని పూత వేస్తుంది. 1913 నుండి ఇక్కడ ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానంవారికి, రైతులకు అది పూయకుండా ఉంటేనే మేలు. పూసిన గడలో రసం రోజురోజుకూ పలుచనవుతుంది. పువ్వు రాకూడదని కోరుకొనే ఊరిలో ఉండి మేము పువ్వు కోసం పాట్లుపడ్డాము.

మా అబ్బాజాన్ బెల్లం మార్కెట్టులో నలభై ఏండ్లు గుమస్తాగా పనిచేశారు. పగలంతా తెలుగు అంకెలు, రాత్రి ఉర్దూ అక్షరాలు. దిమ్మల తూకాలు, రైతుల పేర్లు, దళారీ రుసుములు ముత్యాలవంటి తెలుగులో వ్రాసి వచ్చి, భోజనానంతరం కిరసనాయిలు దీపం నాడు దీపం దగ్గర, కరెంటు వచ్చినాక బల్బు క్రింద, కవుల సంపుటాలు విప్పేవారు. చదువు ఎనిమిదవ తరగతితో ఆగిన మనిషి. మాకు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువు దొరికినది ఆ గుమస్తాగిరీ మీదనే. పద్యంలో లాలా వచ్చినప్పుడల్లా ఆయన వ్రేలు ఆ మాట మీద క్షణంసేపు ఆగేది. “ఇది ఎట్లా ఉంటుందో!” అని ఒక్క మాట అని ముందుకు పోయేవారు. చిన్నతనంలో ఆ మాట మేము ఎన్నిసార్లు విన్నామో!

2022 నాటికి ఆయనకు డెబ్బై రెండేండ్లు. ఆ ఏడు నీటికాసులు ముదిరిందని వైద్యులు చెప్పారు. శుక్లాలవలె తీసివేయగలిగిన జబ్బు కాదిది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం క్రమంగా ఎండిపోతుంది. పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నదానిని చుక్కల మందుతో నిలుపుకోవడమే. చూపు ముందుగా అంచుల నుండి పోతుంది. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. ఆయన మాటల్లో చెప్పాలంటే, లోకం తలుపు సందులోనుండి కనిపించినట్లుంటుంది. చదవడం ఒక్కొక్క మాటగా సాగుతున్నది, నడుస్తుంటే గడపలు తగులుతున్నాయి. శ్రీనగరుకు తీసుకొనిపోవాలనే ఆలోచన మాకు కలిగినది గాని ఆయన గుండె స్థితి, అంతదూరపు ప్రయాణం తలచుకొని వైద్యులు వద్దన్నారు. మనిషి పువ్వు దగ్గరకు పోలేనపుడు పువ్వు మనిషి దగ్గరకు రావలసినదే గదా. మాతో వాల్తేరులో చదువుకొని ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకరికి వ్రాస్తే 2023 సెప్టెంబరు చివర పన్నెండు దుంపలు పార్సెలు చేసి పంపారు. ఎర్ర రకమే పంపమని, అడుగున మచ్చ ఉన్నదే కావాలని మరీ మరీ కోరాము.

అందులో ఒకదానిని కోయించాము. వృక్షశాస్త్ర శాఖలోని మిత్రులు ఆ పని తమ ప్రయోగశాలలో, బ్లేడుతో నిలువునా చీల్చి చేశారు. మేము చూడబోయినది ఉల్లిపాయ వంటి పొరలనే అనుకోండి. ఉన్నవి. కాని ఆ పొరల నడుమ, అడుగు పళ్ళెం మీద, గోరులో సగం కూడా లేని ఒక పచ్చని మొన నిలబడి ఉన్నది. భూతద్దం పెట్టి చూస్తే ఆరు రేకలు, ఆరు కేసరాలు, నడుమ అండాశయం — పువ్వు సమస్తం అప్పటికే తయారై ఉన్నది. ఒక చుక్క ఎరుపు లేదు, అంతే తేడా. ఆకులు ఎండి దుంప నిద్రపోతున్నదని మనం అనుకొనే వేసవి నెలలలోనే, ఆ వెచ్చదనంలోనే లోపల పువ్వు కట్టుబడుతుందట. చలి పువ్వును చేయదు. ఉన్న పువ్వును బయటకు తెచ్చే కాడకు మాత్రమే అనుమతి ఇస్తుంది. ఆనాడు ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థినులు ముగ్గురు ఆ చీలికను వదలక గంటసేపు బొమ్మ గీసుకున్నారు. పరీక్షలో రాని బొమ్మను గంటసేపు గీసిన విద్యార్థులను చూడటం అధ్యాపకులకు తరచుగా దొరికే భాగ్యం కాదు.

మిగిలిన పదకొండింటిని 2023 అక్టోబరు 8, ఆదివారంనాడు కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరకు అప్పగించాము. ప్రయోగశాల ఉష్ణమాపకం ఒకటి లోపల పెడితే అయిదుకు, ఎనిమిదికి నడుమ చూపింది. ఒక నిబంధన కఠినమైనది: ఆ పెట్టెలో ఆపిల్ గాని, అరటి గాని, సపోటా గాని ఉండరాదు. పండ్లు పండేటపుడు వెలువడే ఎథిలీన్ అనే వాయువు దుంపలోని మొగ్గను చంపుతుంది. ఆ విధంగా మా ఇంట పండ్లకు, ఆ అరలో కూరగాయలకు పదునాలుగు వారాలు ప్రవేశం లేకపోయింది. “ఇంటికి కోడలు వచ్చినా ఇంత మర్యాద జరిగినట్లు లేదు” అని మా శ్రీమతి అన్నారు. ఆ మాటలోని న్యాయాన్ని కాదనలేము. మా అబ్బాజాన్‌కు రోగి పథ్యంగా ఆపిల్ తెచ్చి పెట్టే బంధువులు, పండు గోడమీదనే ఎందుకు ఉంచుతున్నారో తెలియక కొంచెం నొచ్చుకున్నారు కూడా.

డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా వీధిలో కరెంటు పోయి మరునాటి మధ్యాహ్నానికి గాని రాలేదు. చేపల బజారు నుండి మంచుగడ్డ తెప్పించి, గోనెలో చుట్టి, అరలో పెట్టి, తలుపు తెరవకుండా కాపలా ఉన్నాము. శారదానది నిండుగా పారుతున్నదనీ, పొలాలలో కోసిన వరి తడిసిపోతున్నదనీ ఊరంతా వ్యాకులపడుతున్న వేళ దుంపల కోసం మంచుగడ్డ అడగడానికి కొంత సంకోచం కలిగిన మాట వాస్తవం. అమ్మేవాడు మాత్రం ఏమీ అడగలేదు. తుపాను రోజున మంచు కొనేవాడు దొరకడమే అతనికి చాలు కాబోలు.

పదునాలుగు వారాలు నిండినది 2024 జనవరి 14న. ఆనాడు భోగి. వీధి మొగలో తెల్లవారుజామున పిల్లలు చలిని తరుముతూ పాత తట్టలు, తాటాకులు మంటలో వేస్తున్నారు. మేము పెట్టెలోని చలిని దాటించి దుంపలను బయటకు తీశాము. రెండు బూజుపట్టి మెత్తబడి ఉన్నాయి. మిగిలిన తొమ్మిదింటిని ఇసుక కలిపిన మట్టిలో, మూడు కుండీలలో నాటి, వెనుక వరండాలో మంచినీళ్ళ కుండల ప్రక్కన, ఎండ తగలని చోట ఉంచాము. మా ఇంట్లో అంతకంటె చల్లని చోటు లేదు. చుట్టూ తడిగోనె కప్పాము. అయిదవ నాటికి మొనలు కనిపించాయి. ఆకులు వెడల్పుగా, బూడిద పూసిన పచ్చదనంతో, చేతులు జోడించినట్లు ఒకదానినొకటి చుట్టుకొని వచ్చాయి. తొమ్మిదికి తొమ్మిదీ ఆకువేశాయి. మూడింటిలో ఆకులే. ఆరింటిలో మొగ్గ కనిపించింది. వాటిలో రెండు ఆకుల మడతలోనే కాగితంవలె ఎండిపోయాయి. మిగిలినవి నాలుగు. కాడలు శ్రీనగరు చిత్రాలలోవలె మూరెడు లేవు, బెత్తెడుకు మించలేదు. మా అబ్బాజాన్ ప్రతి ఉదయం నమాజు తరువాత వచ్చి, వ్రేలికొసతో మొగ్గను తాకి, “ఇంకా పచ్చిగానే ఉన్నదా?” అని అడిగేవారు. రంగు ఆయనకు ఆ వెలుతురులో తెలిసేది కాదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం. ముందురోజు సాయంకాలం మొగ్గ అంచున ఎరుపు దిగినది. ఉదయం ఎనిమిదిన్నరకు వెచ్చదనం తగలగానే రేకలు విడసాగాయి. ఈ పువ్వు వెచ్చబడితే తెరచుకుంటుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. రేకకు లోపలి ముఖం, వెలుపలి ముఖం వేర్వేరు వెచ్చదనాలలో పెరగడమే అందుకు కారణం. కుండీని ముంగిటిలోకి తెచ్చి ఎత్తుపీట మీద పెట్టి, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాము. మొదట ఆయనకు కుండీ కనబడలేదు. మేము ఏ ప్రక్కన ఉన్నామో కూడా కనబడలేదు. తల కొంచెం కొంచెంగా త్రిప్పుతూ, పాత లెక్కలలో తప్పిపోయిన పద్దును వెదకినట్లు వెదికారు. తరువాత తల ఆగిపోయింది.

“ఇంత చిన్నదా!” అన్నారు.

మేము ఏమని చెప్పగలము? అరవై ఏండ్లుగా కవులు ఆ పువ్వును కొండలంతటిగా చెబుతూ వచ్చారు.

“దాగ్ ఎక్కడ, బేటా?” అన్నారు మళ్ళీ. పువ్వును ఆయన వైపు వంచి, చేతిదీపం పట్టాము. చూపు అంచులు పోయి నడుమ మిగిలిన ఆ సందు, సరిగా ఆ గిన్నె ప్రమాణమే ఉన్నది కాబోలు, ఆయనకు రేకలు కూడా కాక అడుగు మాత్రమే కనిపించింది. నల్లని మచ్చ, దానిచుట్టూ సన్నని పసుపు అంచు, మచ్చ నడుమ ఆరు నల్లని కేసరాలు. చాలాసేపు చూచారు. “పసుపు అంచు సంగతి ఎవరూ వ్రాయలేదే!” అన్నారు. అన్నప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు ఉన్నది. గుమస్తా నోట పొరపాటు పట్టుకొన్నప్పుడు వచ్చే గొంతు అది. ఆ అంచు తోటలవారు సంకరపరచి పెంచిన రకాలలో తరచుగా ఉంటుందని, కొండలమీది ఎర్ర లాలా జాతులలో కొన్నిటికి ఉండి కొన్నిటికి ఉండదని తరువాత చదివి చెప్పాము. విని తల ఊపారు గాని, కవులను క్షమించినట్లు మాకు తోచలేదు.

పది గంటలకు ఎండ ముదిరేసరికి పువ్వు గిన్నెతనం పోయి పళ్ళెంవలె పరచుకున్నది. మన ఫిబ్రవరి మధ్యాహ్నం ముప్పది డిగ్రీలు దాటుతుంది. లోపలికి తెచ్చి నీళ్ళకుండల మధ్య పెట్టినా, రాత్రి ఎంతోకొంత మాత్రమే ముడిచింది. మూడవ నాడు రేకలు రాలాయి. శ్రీనగరులో మూడు వారాలు ఉండవలసిన పువ్వు. మిగిలిన మూడును వారంరోజులలో ఒకటి తరువాత ఒకటి పూచి ముగిశాయి. ఆ వారంలో మా ముంగిలి తీరుబడిగా లేదు. బెల్లం మార్కెట్టులో ఆయనతో పనిచేసిన హమాలీలు ఇద్దరు వచ్చి చూచారు. ఇంతకు అయిన ఖర్చెంతో విని, ఒకరు “దీనికి పరిమళమైనా ఉందా, మౌలానా?” అని అడిగారు. లేదు. నేలసంపెంగ అయితే ఇల్లంతా నిండి ఉండేదని ఆయన అన్న మాట నిజమే. వలందుల గాలి వర్తకం కథ చెబితే మా అబ్బాజాన్ నవ్వారు: దిమ్మను విరిచి లోపలి రంగు చూడనిదే మన వర్తకులు వెల చెప్పరు, చూడని దుంపకు ఇల్లు వ్రాసి ఇచ్చిన వారు ఎటువంటి వర్తకులని ఆయన ప్రశ్న.

విద్యార్థులు కూడా జట్లుగా వచ్చారు. ఆ నెలాఖరులో తరగతిలో లాలా మళ్ళీ తటస్థపడినపుడు “ఏ పువ్వు, మాస్టారూ?” అన్నవారు లేరు. అనువాదంలో దానికి మారుపేరు వెదకవలసిన పని లేదని మా అభిప్రాయం. మందారమూ వద్దు, మోదుగా వద్దు; లాలా అనే వ్రాసి ఊరుకుందాము. గులాబీ కూడా ఒకనాడు అట్లా వచ్చి మనదైన మాటే. మన భాషలో చోటు ఉన్నది.

పువ్వు రాలగానే మొక్కను తీసివేయరాదు. ఆకు దానంతట అది పండేదాకా ఉంచితే తల్లిదుంప పోయి పిల్లదుంపలు కడతాయి. ఏప్రిల్‌లో త్రవ్వి చూస్తే అయిదు పిల్లదుంపలు, చింతగింజల కంటె కొంచెం పెద్దవి, దొరికాయి. ఆ మరుసటి అక్టోబరులో వాటిని మళ్ళీ పెట్టెలో పెట్టాము. 2025 జనవరిలో నాటితే ఆకులు వచ్చాయి, ఒక్కొక్క దుంపకు ఒక్కొక్క ఆకు. పువ్వు రాలేదు. విత్తనం నుండి అయితే పూయడానికి అయిదేండ్లకు తక్కువ కాదు, పిల్లదుంప అయినా రెండు మూడేండ్లు బలియాలి. మన ఎండలో అది బలియదు.

ఈ ప్రయత్నానికంతటికీ లెక్క ఒకటి ఉన్నది. పువ్వులు ముగిసిన మరునాడు మా అబ్బాజాన్ మార్కెట్టు నాటి చిట్టా పుస్తకం ఒకటి తెప్పించుకొని, మిగిలిన ఖాళీపుటలో, పుటకు ఆరు వరుసలు మాత్రమే పట్టేంత పెద్ద అక్షరాలతో, తెలుగులో వ్రాశారు: దుంపలు వచ్చినవి 12. కోసినది 1. కుళ్ళినవి 2. ఆకు మాత్రం 3. మొగ్గ మాడినవి 2. పూచినవి 4. మొత్తం సరి. నిల్వ గడిలో అప్పుడేమీ వ్రాయలేదు. ఏప్రిల్‌లో పిల్లదుంపలు అయిదింటిని అరచేతిలో పెట్టినపుడు లెక్కించి, ఆ గడి ఎక్కడున్నదో మా వ్రేలితో చూపించుకొని, 5 వేశారు.